యాభై నాలుగు దగ్గర ఆగిన వయసు

మునెయ్య వయసు యాభై నాలుగు దగ్గర ఆగిపోయి పద్ధెనిమిదేళ్ళయింది. ఆ సంగతి ఆయన పెళ్ళాం పేరమ్మకు తెలుసు. తడ పక్కన పులికాటు సరస్సు ఒడ్డునున్న మొగలికుప్పం అనే జాలరి పల్లెలో ముసలీ ముతకా అందరికీ తెలుసు. తెలియనిదల్లా గూడూరు మేజిస్ట్రేటు గారికే. ఆయన అడిగారు, మునెయ్య చెప్పాడు, గుమాస్తా రాసుకున్నాడు. అంతే, ఆ అంకె మునెయ్య మెడకు చుట్టుకుంది.

ఈ అబద్ధం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు పాడు సంగతి చెప్పాలి. సరస్సులో చేపా రొయ్యా దండిగా పడే చోట్లు నాలుగైదే. అందరూ ఒక్కసారే అక్కడ వలలు దించితే తలకాయలు పగులుతాయి గనక తాతలనాడే వంతులు పెట్టుకున్నారు. ఆ వంతునే పాడు అంటారు. పెళ్ళి చేసుకుని, ఒంటిగా గెడ పట్టి పోటుకు ఎదురుగా పడవను నిలబెట్టగలిగిన మగవాడి పేరు, ఇంటికొకటి చొప్పున, పాడు పుస్తకంలోకి ఎక్కుతుంది. అరవై నిండితే దిగుతుంది. కొడుకుంటే ఆ చోట కొడుకు పేరు రాస్తారు. లేకపోతే ఆ పాడు కుప్పంలో కలిసిపోతుంది. జబ్బు పడ్డా, జైలుకు పోయినా, పుస్తకంలో పేరున్నంత కాలం ఇంకో మనిషిని పెట్టి వల వేయించుకోవచ్చు. సగం పాలు ఇంటికి వస్తుంది. పేరు కొట్టేస్తే ఆ సగమూ లేదు.

మునెయ్యకు కొడుకు లేడు. ముగ్గురు పుట్టారు గానీ ఒక్కరూ దక్కలేదు. అందుకని ఆయన యాభై నాలుగో ఏట పడవను లంగరేసినట్టు వయసును ఆపేశాడు. ఎవరైనా అడిగితే మీసం దువ్వి "యాభై నాలుగు" అనేవాడు. పాడు పుస్తకం చూసే కుప్పం పెద్దకాపు చిన్నపోలయ్య విని ఊరుకునేవాడు. ఆయనకూ ఎప్పుడడిగినా యాభై ఏడే మరి. తోడుదొంగల మధ్య తగువెందుకు వస్తుంది?

పంతొమ్మిది వందల అరవై మూడు మాఘమాసంలో ఒకరోజు మునెయ్య తన పాడు రోజున సరస్సులోకి పోతే, పక్క కుప్పం మనిషి అప్పటికే అక్కడ వల దించుకుని కూర్చున్నాడు. లెమ్మంటే లేవలేదు. పైగా ముసలోడా అన్నాడు. మునెయ్య గెడ ఎత్తి కొట్టాడు. అవతలివాడి ముంజేయి రెండు చోట్ల విరిగింది. కొట్టలేదని మునెయ్య ఎక్కడా బుకాయించలేదు. కోర్టులో కూడా, "కొట్టినా సామీ. నా పాడులో వల యేస్తే కొట్టకుండా ఎట్టా ఉంటా?" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. వయసెంత అన్నారు. వెనక కుప్పం జనం బారుగా నిలబడి ఉన్నారు. మునెయ్య ఛాతీ విరిచి, దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టి, "యాభై నాలుగు" అన్నాడు. ఒంట్లో ఏమైనా జబ్బుందా అన్నారు. "నాకేం జబ్బు సామీ? రాయి మాదిర ఉండా" అన్నాడు. రాయి లాంటి మనిషి, ఒప్పుకున్న నేరం. రెండేళ్ళ కఠిన శిక్ష పడింది.

జనంలో నిలబడ్డ పేరమ్మకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా ఆ రాయి రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే ఆయాసపడుతోంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియనిచ్చేవాడా ఆయన?

మర్నాడే ఆమె రైలెక్కి నెల్లూరు పోయింది. అక్కడ జ్ఞానప్రకాశం అనే వకీలు ఉన్నాడు. సూళ్ళూరుపేట మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడు. వాళ్ళమ్మ రెబెక్కమ్మకు పేరమ్మ ఇరవై ఏళ్ళు వాడుకగా చేపలు పోసింది. ఆ చనువుతో వకీలు గారి అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి, మొత్తం చెప్పింది. ఆయన తీర్పు కాగితం చదివి పక్కన పెట్టాడు.

"నేరం ఒప్పేసుకున్నాడు కాబట్టి దాని మీద వాదించడానికేమీ లేదమ్మా. శిక్ష మీదే వాదించాలి. మనిషి ముసలివాడు, రోగిష్టివాడు, కఠిన శిక్షకు తట్టుకోలేడు, కనికరించండి అని సెషన్స్ కోర్టులో అప్పీలు వేద్దాం. ముప్పై రోజులే గడువు."

"వెయ్యి నాయనా. నీ నోట్లో చక్కెర పొయ్యా."

"వేస్తాను. కానీ ఆయన నోటితో ఆయనే యాభై నాలుగన్నాడు. ఇప్పుడు కాదంటే ఆధారం చూపించాలి. బెయిలు అడగాలన్నా అదే చిక్కు. ఆయన పుట్టినరోజు ఎక్కడైనా రాసుందా?"

పేరమ్మకు నవ్వొచ్చింది. "మాకు పుట్టినరోజులు యాడివి నాయనా? మీకైతే చర్చిలో రాసుంటారు. మేము ఫలానా గాలివానకు చంకలో ఉన్నాడు, ఫలానా గాలివానకు నడస్తా ఉన్నాడు అనుకుంటాం."

"గాలివానను తెచ్చి బోనులో నిలబెట్టలేం కదమ్మా. పాత కాగితం ఏదైనా ఉందా, ఆయన పేరున్నది?"

ఉంది. ఉన్నదల్లా ఆ ఒక్క కాగితమే. చెప్పాలా వద్దా అని పేరమ్మ కొంగు ముడి విప్పింది, మళ్ళీ వేసింది. చివరకు చెప్పేసింది. సాధారణ నామ సంవత్సరం మాఘమాసంలో వాళ్ళ పెళ్ళి. ఆమెకు పన్నెండేళ్ళు, ఆయనకు ఇరవై. పెళ్ళయిన పదో రోజున ఆయన పేరు పాడు పుస్తకంలో రాశారు.

జ్ఞానప్రకాశం వేళ్ళ మీద లెక్క వేశాడు. వేసి, కుర్చీలోంచి లేచాడు. "యాభై రెండేళ్ళ కిందట! ఇప్పుడు యాభై నాలుగైతే, రెండేళ్ళ పసివాడు పెళ్ళి చేసుకుని గెడ పట్టుకుని సరస్సులోకి పోయాడా? అమ్మా, ఆ పుస్తకం తెప్పించు. దాన్ని మించిన సాక్ష్యం లేదు."

ఆయన సంబరం పేరమ్మకు అంటలేదు. ఆ పుస్తకం కోర్టులో తెరిచిన రోజున ఆమె ఇంటికి పాడు ఉండదు. ఆ సగం పాలే ఇప్పుడు ఆమె తింటున్న కూడు.

రెండు రోజుల తరవాత నెల్లూరు జైల్లో మునెయ్యను చూడనిచ్చారు. కటకటాల అవతల ఆయన నిలబడి ఉన్నాడు. కొబ్బరి పీచు దంచే పని ఇచ్చారట. చేతులు బొబ్బలెక్కాయి. పాదాలు వాచి బూరెల్లా ఉన్నాయి. పెదవులు నీలం తిరిగాయి. పేరమ్మకు ఏడుపొచ్చింది గానీ మింగేసింది. ఏడిస్తే ఆయన మాట దాటేస్తాడని ఆమెకు తెలుసు.

"డాకటరుకు చూపించినావా?"

"రొంపని చెప్పినా."

"రొంపకు కాళ్ళు వాస్తాయా మామా?"

"అరవొద్దే. మన పక్క కుప్పాలోళ్ళు ఇద్దరుండారీడ. చెవులు రిక్కిచ్చుకోని ఉంటారు."

ఆమె వకీలు చెప్పిందంతా చెప్పింది. తనకు డెబ్బై రెండేళ్ళని, జబ్బు మనిషినని రాసిన కాగితం మీద ఆయన వేలిముద్ర వేయాలంది. మునెయ్య అంతా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"వేసేది లేదు."

"ఎందుకు వెయ్యవు?"

"నాకు డెబ్బై రెండని వేలేస్తే రేపు చిన్నపోలయ్య నా పేరు కొట్టేస్తాడు. కట్టుబాటు. కొట్టెయ్యక చేసేదేముండాది? నువ్వేం తిని బతకతావు? రెండేళ్ళు ఎంతలో పోతాయి? నేనీడ ఎట్టోగట్టా ఈడుస్తా. నువ్వాడ పాడు కాపాడుకో."

"రెండేళ్ళు నువ్వుండవు మామా."

మునెయ్య నవ్వాడు. "లేకపోతే మటుకేం? కబురు ఊరు చేరిందాకా పాడు నడస్తానే ఉంటాది గదా."

అప్పుడు తెలిసింది పేరమ్మకు. ఆయన మొండితనానికి పోవడం లేదు. లెక్క చూసుకునే చెబుతున్నాడు. తన ఊపిరి ఎంతవరకు ఉంటే అంతవరకు ఆమెకు కూడు దొరుకుతుందని, ఆ బేరానికి ఒప్పుకుని కూర్చున్నాడు. యాభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి మీద ఆమెకు అంత ప్రేమా అంత కోపమూ ఒక్కసారే ఎన్నడూ రాలేదు. వార్డరు టైమయిందనే దాకా కటకటాలు పట్టుకుని అట్లాగే నిలబడింది.

తిరుగు రైల్లో ఆమె పెద్దగా ఆలోచించిందేమీ లేదు. ఆయన అబద్ధమాడేది పాడు కోసం. పాడే లేకపోతే అబద్ధంతో పనేముంది? గూడూరు దాటేసరికి మనసు కుదుటపడింది. తడలో దిగి, కొంగు నడుముకు చుట్టి, చీకటి పడకముందే పెద్దకాపు పందిట్లోకి నడిచింది.

చిన్నపోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు.

"అన్నా, పాడు పుస్తకం తియ్యి. మా ఆయన పేరు కొట్టెయ్యి."

పందిట్లో అందరి చేతులూ ఆగిపోయాయి. కుప్పం పుట్టిన దగ్గర్నుంచీ పేరు కొట్టెయ్యొద్దని ఏడ్చినవాళ్ళున్నారు, కాళ్ళు పట్టుకున్నవాళ్ళున్నారు. కొట్టెయ్యమని అడగడానికి వచ్చిన మనిషి మాత్రం ఎవరూ లేరు.

"నీకేమన్నా మతిపోయిందా పేరమ్మా? వాడికింకా..."

"డెబ్బై రెండు. నీకు తెలవదా? మన రెండు పెళ్ళిళ్ళూ ఒకటే పందిట్లో జరగలా? నీ పక్కన కూసోనే గదా ఆయన తాళి కట్టింది. కొట్టెయ్యి. కట్టుబాటు కట్టుబాటే."

ఎవరో ముసలాయన దగ్గాడు. ఇంకెవరో, "మరి నువ్వేం తింటావు?" అన్నారు.

"గంప ఉండాది. తల ఉండాది. తడలో నా చేపలు కొననోళ్ళు ఎవరో చూస్తా."

ఆ మాట అన్నది అరవై నాలుగేళ్ళ మనిషి. చిన్నపోలయ్య పుస్తకం తెప్పించాడు. ఎర్ర బట్ట చుట్టిన పాత పుస్తకం. కుప్పంలో అక్షరాలొచ్చిన ఒకే ఒక్కడు చదివి చూపిస్తే, మునెయ్య పేరు మీద అడ్డగీత పడింది. పక్కనే 'వయసు మీరినందున' అని రాశారు. గీస్తున్నంతసేపూ పేరమ్మ రెప్ప వేయకుండా చూసింది. గీత పడ్డాక మాత్రం పందిటి గుంజ పట్టుకుంది.

"ఇంకొకటి ఉండాది అన్నా. ఆ పుస్తకం తీసుకోని నువ్వు నెల్లూరు కోర్టుకు రావాల."

చిన్నపోలయ్య ముఖం మాడిపోయింది. ఆమెను పందిటి వెలుపలికి పిలిచి గొంతు తగ్గించాడు. "అది అడగొద్దు పేరమ్మా. మునెయ్య పేరుకు పైవరసే నాది. అదే సంవత్సరం. జడ్జీ ఒక వరస చూసి ఇంకో వరస చూడకుండా ఉంటాడా? అంతమంది ముందర నా పరువేం కావాల? నా పాడేం కావాల?"

"నీ పాడు నీ పెద్దకొడుక్కు పోతాది. మాది మంటికి పోయింది, ఇప్పుడే నీ కళ్ళ ముందర. ఇంక మా ఆయన ప్రాణం ఒక్కటే మిగిలుండాది. నీ పరువు దానికంటే ఎక్కువైతే చెప్పన్నా, పోతా."

చిన్నపోలయ్య సరస్సు వైపు తిరిగాడు. ఆమె పోలేదు. జవాబు వచ్చేదాకా పోయేటట్టు కూడా లేదు. చివరకు ఆయనే, "ఏ రోజు రావాల?" అన్నాడు.

మునెయ్య వేలు వేయనన్న కాగితానికి బదులు పేరమ్మ చేత ప్రమాణపత్రం వేయించి, గడువు తీరకముందే జ్ఞానప్రకాశం అప్పీలు వేశాడు. కోర్టు ఉత్తర్వు తెచ్చి జైలు డాక్టరు చేత పరీక్ష చేయించాడు. రొంప కాదు, గుండె పెరిగి కాళ్ళకు నీరు దిగిందని డాక్టరు రాసిచ్చాడు. ముద్దాయిని తన కళ్ళతో చూడాలని జడ్జి గారు అన్నారు. శ్రావణమాసంలో ఒక సోమవారం వాయిదా పడింది.

ఆ రోజు కుప్పం నుంచి ఆరుగురు వచ్చారు. చిన్నపోలయ్య చంకలో ఎర్ర బట్ట మూట. పేరమ్మ ముందు బెంచీ మీద కూర్చుంది. పాడు తీయించిన సంగతి మునెయ్యకు ఇంకా తెలియదు. జైలుకు పోయి చెబుదామని రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కి తిరిగింది. ఆయన ముఖం చూస్తూ చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఆ విషయంలో ఆమె పిరికిది.

పోలీసులు మునెయ్యను తీసుకొచ్చారు. మెట్లెక్కేసరికే ఊపిరి అందలేదు. అయినా బోనులోకి వచ్చి, వెనక వరసలో కుప్పం వాళ్ళను చూసి, ఛాతీ విరిచాడు. పేరమ్మ నుదురు కొట్టుకుంది.

"నీ వయసెంత?" అన్నారు జడ్జి గారు.

"యాభై నాలుగు సామీ."

జ్ఞానప్రకాశం కళ్ళు మూసుకున్నాడు. అవతలి పక్క ప్రభుత్వ వకీలు నవ్వుతూ లేచాడు. "ముద్దాయే స్వయంగా చెబుతున్నాడు. ఇంక అప్పీలులో ఏముందండీ?"

పేరమ్మ లేచి నిలబడింది. బంట్రోతు కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మామా! పాడు తీసేసినారు!"

కోర్టు హాలంతా ఇటు తిరిగింది. మునెయ్య కూడా తిరిగాడు.

"నేనే తీయించినా. నీ పేరు మీద గీత కొట్టించినా, పదిమంది ముందర. నీ అబద్ధంతో తినేదానికి నాకింక ఆడ కూడు లేదు. నిజం చెప్పు!"

"సైలెన్స్!" అని అరిచాడు బంట్రోతు. జడ్జి గారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. పాడంటే ఏమిటని అడిగారు. జ్ఞానప్రకాశం చెప్పాడు. అరవై నిండితే పేరు పోతుందని, కొడుకులేనివాడి ఇంటికి ఆ పేరే ఆధారమని, ఈ మనిషి పద్ధెనిమిదేళ్ళుగా యాభై నాలుగులోనే ఎందుకున్నాడో, కింది కోర్టులో రాయిలా ఎందుకు నిలబడ్డాడో, పూసగుచ్చినట్టు చెప్పాడు. చిన్నపోలయ్యను పిలిచి పుస్తకం ఇప్పించాడు. సాధారణ నామ సంవత్సరం. యాభై రెండేళ్ళ కిందట రాసిన పేరు. దాని మీద మొన్న కొట్టిన గీత.

జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ వరస వరసా చదివారు. "పై వరసలో చిన్నపోలయ్య అని ఉంది. ఎవరాయన?"

"నేనే సామీ." పెద్దకాపు మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"మీ వయసు?"

చిన్నపోలయ్య ఒకసారి బోనులో ఉన్న మునెయ్యను చూశాడు. "డెబ్బై మూడు సామీ" అన్నాడు. వెనక నిలబడ్డ కుప్పం వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

జడ్జి గారు మళ్ళీ బోను వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు. నీ వయసెంత?"

మునెయ్య రెండు చేతులతో బోను కర్ర పట్టుకున్నాడు. ఆయన చూపు పేరమ్మ మీదే ఉంది. కోపమో దుఃఖమో ఆమెకు కూడా తెలియలేదు. విరిచిన ఛాతీ మెల్లగా దిగింది. భుజాలు వంగాయి. పద్ధెనిమిదేళ్ళ వయసు ఒక్కసారే వచ్చి మీద పడ్డట్టు, ఉన్నచోటే ముసలివాడైపోయాడు.

"నా పెళ్ళికి నాకు ఇరవై సామీ" అన్నాడు. "మిగతా లెక్క మీరే ఏసుకోండి."

అప్పటిదాకా బిగబట్టిన దగ్గు తెగి వచ్చింది. అది ఆగడానికి చాలాసేపు పట్టింది. పోలీసు ఒకడు స్టూలు తెచ్చి వేశాడు. జడ్జి గారు డాక్టరు కాగితం ఇంకోసారి చదివారు. చెయ్యి విరగ్గొట్టడం చిన్న నేరం కాదని, నేరం నేరమేనని, కానీ ఈ వయసులో ఈ గుండెతో రెండేళ్ళ కఠిన శిక్ష అంటే అది వేరే శిక్ష అవుతుందని అన్నారు. అనుభవించిన కాలమే శిక్షగా సరిపెట్టి విడుదల చేయమని రాశారు.

కాగితాలు జైలుకు చేరి, గేటు తెరిచేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. పేరమ్మ ఎదురుగా వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. మునెయ్య వచ్చాడు. ఆమెను చూశాడు. స్టేషన్ దారి పట్టి నడిచాడు. ఆమె వెనకే నడిచింది. తిడతాడనుకుంది. తిడితే పడదామని సిద్ధంగానే ఉంది.

సగం దారిలో ఆయనకు ఆయాసమొచ్చి ఒక అరుగు మీద కూలబడ్డాడు.

"నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు.

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలా."

మునెయ్య వాచిన పాదాల వంక చూసుకున్నాడు. "యాభై రెండేళ్ళు. పాడు పిలిచినప్పుడల్లా నా పేరు పిలిచేవాళ్ళు. ఇంక పిలవరు. ఇంక ఆ కుప్పంలో నేనెవర్నే?"

పేరమ్మ ఆయన ముందు నిలబడింది. ఎండ ఆయన మీద పడకుండా కాస్త జరిగింది.

"నా మొగుడివి. బతికుండావు. అది చాలు నాకు. లెయ్, రైలు పోతాది."

ఆయన చెయ్యి చాచాడు. పడవలో కాలు పెట్టిన నాటినుంచీ ఎవరి చెయ్యీ పట్టుకుని లేవని మనిషి. ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని లేవదీసింది. ఇద్దరూ స్టేషన్ వైపు నడిచారు.